చౌడప్ప ఓడ, కుడివైపు షిఫ్ట్ కీ

2003. బెంగుళూరు మడివాళ సంత వెనకాల, టెంకాయల మండీ పక్క సందులో నాకొక అంగడి ఉండేది. ముందర రిపేరు బల్ల, వెనక ఆరు కంప్యూటర్లు. బల్ల మీద టీవీలు, టేప్ రికార్డర్లు, మానిటర్లు బాగు చేసేవాణ్ణి. వెనక కంప్యూటర్ల మీద జనం గంటల లెక్కన ఆటలు ఆడేవాళ్ళు. చుట్టుపక్కల ఎటు చూసినా పీజీ హాస్టళ్ళే. ఆ గదుల్లో ఊపిరాడని పిల్లకాయలు పని లేని పూట నా అంగడికొచ్చి తుపాకులు కాల్చుకునేవాళ్ళు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. రేడియో, టీవీ, కంప్యూటర్, ఇంగ్లీషు, అన్నీ అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని నేర్చుకున్నవే. ఆ మాట చెబితే ఇప్పటికీ కొందరు "ఓహో" అని ఒక రకంగా తల ఊపుతారు. ఊపనీ. వాళ్ళింట్లో మానిటర్ కాలిపోయినప్పుడు ఆ తలలన్నీ నా బల్ల ముందే వంగినాయి.

ఇంకో సంగతీ చెప్పాలి. మా వీధి సంఘం పెద్దమనుషులు నా అంగడిని సారాయి అంగడితో సమానంగా చూసేవాళ్ళు. "ఆటలు ఆడించి జనాన్ని చెడగొడతాండావు" అని మొహం మీదే అన్నారు. అన్నవాళ్ళలో ఒకాయన సాయంత్రమైతే పేకాట క్లబ్బులో కాలు కదపకుండా కూర్చునే మనిషి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ కోపం నాకు తగ్గలేదు. ఈ కథ రాయడానికి ఆ కోపం కూడా ఒక కారణమే. అసలు కారణం మాత్రం వేరే. నేను కృతజ్ఞత చెప్పుకోవలసిన ఇద్దరు మనుషులున్నారు.

ఆ ఏడు దీపావళి అయిపోయిన కొత్తల్లో ఒకామె టేప్ రికార్డర్ పట్టుకొని వచ్చింది. పేరు రత్నమ్మ. వెనకాల ఆమె మొగుడు చౌడప్ప, నలభై ఐదేళ్ళు దాటిన మనిషి. కుడిచేతి మీద టవలు వేసుకొని నిలబడినాడు. పెళ్ళి చూపులకొచ్చినవాడు కండువా సర్దుకున్నట్టు ఊరికే ఆ టవలు సర్దుకుంటాండాడు.

వాళ్ళది తాతల కాలం నుంచి బెంగుళూరులో ఉన్న నేతగాళ్ళ కుటుంబం. చౌడప్ప బొమ్మనహళ్ళి దాటినాక ఒక షెడ్డులో రెండు పట్టు పవర్‌లూమ్‌లు నడిపేవాడు. పవర్‌లూమ్ అంటే కరెంటు మగ్గం. నేత దానంతటదే సాగుతుంది, కానీ పోగు తెగితే మాత్రం మనిషే ఆపి ముడి వెయ్యాలి. పట్టుపోగు కంటికి కనపడీ కనపడనట్టుంటుంది. రెండు చేతుల వేళ్ళూ కలిసి పనిచేస్తే తప్ప ముడి పడదు. వినాయక చవితి తరువాత చౌడప్పకి పక్షవాతం తగిలింది. ప్రాణం, మాట, కాలు దక్కినాయి. కుడిచెయ్యి మాత్రం సగంలో నిలబడిపోయింది.

నేను టేప్ రికార్డర్ విప్పుతూ ఉంటే రత్నమ్మే ఇవన్నీ చెప్పింది. "ఆస్పత్రిలో ఆ చేతికి పని చెప్పమన్నారన్నా. ఎక్సర్‌సైజులు నేర్పే అమ్మాయి దేవత లాంటిది, రబ్బరు బంతి ఒకటిచ్చి పిసకమనింది. ఈయనేం చేసినాడో తెలుసా? బియ్యం డబ్బాలో దాచిపెట్టినాడు! బియ్యం కొలుస్తా ఉంటే చేతికి తగిలింది."

"పిల్లలాడుకునే బంతి. నేనేం పిల్లోడినా?" అన్నాడు చౌడప్ప గోడ వంక తిరిగి.

"షెడ్డు సావుకారు ఉగాది దాకా ఈయన మగ్గాలు ఎవరికీ ఇయ్యనన్నాడు. ఆ తరువాత ఇంకొకరిని పెట్టుకుంటాడంట. పెద్దమనిషి, అంతవరకు ఆగడమే ఎక్కువ. ఈయన చూస్తే చేతికి ముసుగేసుకొని కూర్చుంటాడు."

చౌడప్ప మా మాటలు వినడం లేదు. లోపల ఖాళీగా ఉన్న ఒక కంప్యూటర్ తెర మీద నీళ్ళు కదులుతాండాయి. వాటి వంకే చూస్తాండాడు.

"అన్నా, అది సముద్రమా?"

"ఆటలో సముద్రం."

"నేను సముద్రం చూడలేదు" అన్నాడు. అతను నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాటలు అవే.

ఆ ఆట నా అంగడిలో ఎవరికీ నచ్చేది కాదు. తుపాకులు లేవు, కార్లు లేవు. తుఫానులో ఓడ రాళ్ళకు కొట్టుకొని పగిలిపోతుంది. ఒక్క మనిషి మిగిలి దీవి ఒడ్డున పడతాడు. వాడే మనం. తాగడానికి నీళ్ళు, తినడానికి కాయలు, చేపలు వెతుక్కోవాలి. చెట్లు కొట్టి పలకలు కోసుకోవాలి, నారతో తాళ్ళు పేనుకోవాలి. ఆ ఓడను బాగు చేసుకొని మళ్ళీ సముద్రం మీదికి తోలాలి. అదీ పెద్ద పోటు వచ్చేలోపల. పోటు వచ్చేసరికి ఓడ పొట్టకి చిల్లులు మిగిలి ఉంటే అలలు దాన్ని లోపలికి లాక్కుపోతాయి. టేప్ రికార్డర్ బాగయ్యేదాకా ఆడుకోమని చౌడప్పని అక్కడ కూర్చోబెట్టినాను. టవలు తియ్యకుండానే ఎడమచేత్తో మౌస్ పట్టుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున అంగడి తీసేసరికి మొగుడూ పెళ్ళామూ మెట్ల మీద కూర్చోనున్నారు.

పొద్దున పూట నా దగ్గర జనం ఉండరు. చౌడప్ప ఎడమచేత్తో తంటాలు పడేవాడు, రత్నమ్మ పక్కనే స్టూలు మీద కూర్చొని కండెలు చుట్టే పని తెచ్చుకునేది. కండె అంటే మగ్గంలో అడ్డంగా తిరిగే దారం చుట్టిన చిన్న పుల్ల. తెర మీద ఇంగ్లీషులో వచ్చేవి నేను చదివి చెప్పేవాణ్ణి. వాళ్ళు ఇంటికి పోయే ముందు ఆటని సేవ్ చేసేవాణ్ణి. సేవ్ అంటే ఆడినంతవరకు కంప్యూటర్‌లో దాచిపెట్టడం. మళ్ళీ వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. రోజూ ఒక కొత్త సేవ్ పెట్టేవాణ్ణి, పాతవి తుడిచేవాణ్ణి కాదు. మడివాళ కరెంటును నమ్ముకొని ఆటలంగడి పెట్టినవాడికి అంత జాగ్రత్త తప్పదు. ఎప్పుడు పోతుందో ఆ కరెంటోళ్ళకే తెలిసేది కాదు, అడిగితే మన మీదనే అరిచేవాళ్ళు.

చౌడప్ప ఓడను బాగుచేసిన తీరు చూడాలి. కట్టెలు కొట్టినాడు, నార తెచ్చినాడు, అంతా బాగానే ఉంది. తీరా పని దగ్గరికొచ్చేసరికి ఓడ పొట్టను వదిలేసి తెరచాప పట్టుకున్నాడు. చిరిగిన తెరచాపను మూల నుంచి మూలకు కుట్టుకుంటూ పోయినాడు. ఒక కుట్టు వంకరగా పడిందని విప్పి మళ్ళీ కుట్టినాడు. దీవిలో దొరికిన నారంతా దానికే పెట్టినాడు. పలకల సందుల్లో కుక్కడానికి నార మిగల్లేదు.

"చౌడప్పా, ముందు చిల్లులు మూయప్పా" అంటే, "గుడ్డ చిరిగి ఉంటే చూస్తా ఎట్ల వదిలేసేదన్నా? నా కన్ను ఒప్పుకోదు" అన్నాడు.

నేతగాడు కదా, గుడ్డ మీద ప్రాణం, అనుకున్నాను.

పోటు వచ్చింది. ఆ రోజు సెలవేమో, పీజీ పిల్లలు కూడా ఉన్నారు. కడప నుంచి వచ్చి కాల్ సెంటర్‌లో చేసే ప్రసాద్ అని ఒకడుండేవాడు, నోటికి హద్దు లేదు. వాడు వెనక నుంచి తొంగి చూసి, "అంకుల్, ఓడ మునిగిపోతాంటే మీరు బట్టలంగడి తెరిచినారు కదా! సేల్ ఎప్పుడు?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. తెర మీద నీళ్ళు ఓడలోకి దూరినాయి. ముందు పొట్ట పోయింది, తరువాత స్తంభం. ఒక్క కుట్టు కూడా తప్పని ఆ తెల్లటి తెరచాప అన్నిటికంటే ఆఖరున మునిగింది.

చౌడప్ప లేచి టవలు సర్దుకొని వెళ్ళిపోయినాడు. మూడు నాలుగు రోజులు రాలేదు.

రత్నమ్మ మాత్రం వచ్చింది. "ఆ ఓడ పూర్తిగా పోయినట్టేనా అన్నా?" అని అడిగింది.

"లేదమ్మా. పాత సేవ్ ఉండాది. తెరచాప ముట్టుకోక ముందు రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కానీ ఈసారైనా పొట్ట ముందు చెయ్యమని చెప్పు. గుడ్డ పిచ్చి కొంచెం తగ్గించుకోమను."

ఆమె నా మొహం వంక చూసి నవ్వింది. సంతోషం నవ్వు కాదది.

"గుడ్డ పిచ్చి అనుకున్నావా అన్నా నువ్వు? తెరచాప కుట్టేదానికి ఒక చెయ్యి చాలు. పలక కొట్టేదానికి రెండు చేతులు కావాల. స్టూలు మీద కూర్చొని నేను రోజూ చూసింది అదే."

ఆట నాది, కంప్యూటర్ నాది, ఇంగ్లీషు చదివి చెప్పింది నేను, అయినా ఇది నా కంటికి పడలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తెరచాపకి మౌస్ నొక్కుకుంటూ పోతే చాలు. పలకకి అట్ల కుదరదు. కీబోర్డు మీద షిఫ్ట్ అనే కీ ఒకటుంటుంది. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపే ఆటలోని మనిషి పలకను చిల్లుకి అదిమి పట్టుకుంటాడు. అదే సమయంలో రెండో చేత్తో మౌస్ నొక్కి మేకులు కొట్టాలి. మధ్యలో కీ వదిలితే పలక జారి నీళ్ళలో పడిపోతుంది. మళ్ళీ మొదటికి.

మరుసటి రోజు చౌడప్పని లాక్కొచ్చింది. మొదట్లో ఆమే సాయం పట్టింది. ఆమె షిఫ్ట్ నొక్కి పట్టుకోవడం, ఆయన ఎడమచేత్తో సుత్తి కొట్టడం. పలకలు చకచకా పడినాయి. చౌడప్ప మొహంలో కళ కూడా వచ్చింది. అంతలో ఆమె చెయ్యి తీసేసుకొంది. పలక దబ్బుమని నీళ్ళలో పడింది.

"ఏమే?"

"నా చేతికి పని ఉండాది. కండెలు చుట్టొద్దా? నీ ఓడ నువ్వు చూసుకో."

"రెండు పలకలే కదా..."

"రెండైతే నువ్వే కొట్టుకో." స్టూలు అటువైపుకు తిప్పుకొని కూర్చొంది.

నేను రిపేరు బల్ల మనిషిని. ఎవరైనా ఇబ్బంది పడుతుంటే నా చెయ్యి ఊరుకోదు. ఆటలంగళ్ళలో మాకొక చిట్కా ఉండేది. ఏదైనా కీని చాలాసేపు నొక్కి పట్టుకోవలసి వస్తే దాని మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి, గట్టిగా టేపు అంటించేసేవాళ్ళం. కీ కిందికి దిగి ఉండిపోతుంది, మనిషికి శ్రమ ఉండదు. చౌడప్ప అవస్థ చూడలేక టేపు చుట్ట పట్టుకొచ్చినాను. "ఇంత మాత్రానికి ఎందుకప్పా బాధ" అంటూ బిళ్ళ పెట్టి టేపు వేసేసినాను.

రత్నమ్మ కండె కింద పడేసి లేచింది. "తియ్యన్నా దాన్ని!"

"ఏమైందమ్మా, ఓడ బాగవుతుంది కదా."

"ఓడ నీది కాదు, నాది కాదు, అదసలు లేనే లేదు. అది బాగైతే నాకేం, మునిగితే నాకేం? తియ్యి!"

నా సొంత అంగడిలో నన్నొకరు గద్దించడం అదే మొదటిసారి. కోపం వచ్చింది, దాచుకోను. కానీ ఆమె కళ్ళు చూసి నోరు మూసుకొని టేపు పీకేసినాను.

చౌడప్ప చాలాసేపు తెర వంక చూసినాడు. తరువాత టవలు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి నేను చూడడం అదే మొదలు. వేళ్ళు లోపలికి ముడుచుకొని ఉన్నాయి. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, పాత్ర దించినట్టు మెల్లగా కీబోర్డు మీద దించినాడు.

అప్పుడు నేను చేసిన పని ఒక్కటే, అది నా వృత్తి పని. మౌస్‌ను పూర్తిగా ఎడమవైపుకు మార్చినాను. కీబోర్డుకు రెండువైపులా రెండు షిఫ్ట్ కీలుంటాయి. కుడివైపుది వెడల్పుగా ఉంటుంది, అరచేతి అంచు ఆనినా దిగుతుంది. కీబోర్డును ఆ చేతికి అందేట్టు జరిపినాను. ఇంకో చిక్కుంది. ఆ కీని కొంచెంసేపు వదలకుండా పట్టుకుంటే కంప్యూటర్ టక్కుమని అరిచి ఆట మధ్యలో ఒక ప్రశ్నల డబ్బా తెరుస్తుంది. చెయ్యి సరిగ్గా ఆడనివాళ్ళ సౌకర్యం కోసమే పెట్టినారంట దాన్ని! చెయ్యి ఆడని మనిషి నా ముందు కూర్చొని చెమటలు కారుస్తుంటే ఆ సౌకర్యమే అడ్డం. సెట్టింగుల్లోకి పోయి దాని నోరు మూయించినాను.

మొదటి రోజు ఒక్క మేకు కూడా పడలేదు. కీ దిగేది, అరచెయ్యి జారేది, పలక నీళ్ళలోకి. దిగేది, జారేది. పలకలు అయిపోతే మళ్ళీ చెట్లు కొట్టడం. రత్నమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండానే "ఊఁ" అనేది. పలక పడిన శబ్దం వచ్చినప్పుడల్లా ఒక "ఊఁ". మొగుణ్ణి అంత కఠినంగా ఓదార్చే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వారం తిరిగేసరికి ఒక పలకకు రెండు మేకులు పడినాయి. సంక్రాంతికి ముందే పలక పూర్తిగా నిలబడింది. ఆ పూట చౌడప్ప "నిలబడిందే! రత్నా, నిలబడిందే!" అని అరిస్తే పక్క మండీలో టెంకాయలు దించేవాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చినారు. ప్రసాద్ కూడా అక్కడే ఉన్నాడు. వాడి గురించి మంచి కూడా చెప్పాలి. తన ఆట ఆపేసి వచ్చి, "అంకుల్, ఇంక ఎడమవైపు చిల్లులే మిగిలినాయి. పోటొచ్చేలోపల కొట్టేయొచ్చు. గుడ్డ జోలికి మాత్రం పోవద్దండి స్వామీ, మీకు దణ్ణం పెడతా" అన్నాడు. చౌడప్ప కూడా నవ్వినాడు.

కీని నొక్కి పట్టుకోవడం ఒక్కదాని వల్లనే చెయ్యి బాగైందని నేను చెప్పను. అట్ల చెప్పేవాళ్ళు దొంగలు. ఆస్పత్రి అమ్మాయి చెప్పినవన్నీ ఇంట్లో చేయడం మొదలుపెట్టినాడు. బియ్యం డబ్బాలోని బంతి బయటికొచ్చింది. ఇంకో మనిషి ఎదుట ఆ టవలు తీసిన రోజే అసలు పని మొదలైందని మాత్రం నేననుకుంటాను. తరువాత తరువాత, నేను చెప్పకుండానే, ఒకరోజు వచ్చీ రాగానే మౌస్‌ను కుడివైపుకు మార్చుకున్నాడు. వేలు వణికేది. బాణం గుర్తు తెర మీద తాగినవాడి మాదిరి తూలేది. ఆ తూలే బాణంతోనే మిగిలిన పలకలు కొట్టినాడు.

ఓడ నీళ్ళ మీద తేలిన రోజు మేము పండగేమీ చేయలేదు. దీవి వెనకపడిపోయింది, చుట్టూ నీళ్ళే. చౌడప్ప కొంచెంసేపు చూసి, "ఇంతేనా అన్నా?" అన్నాడు. "ఇంతే" అన్నాను. "సరే, ఇంక షెడ్డుకు పోదాం పా" అని లేచినాడు. ఉగాది దగ్గరికొచ్చేసింది.

అంగడి మూసి నేనూ వాళ్ళ వెంట పోయినాను. బొమ్మనహళ్ళి షెడ్డులో మగ్గాల చప్పుడుకి పక్క మనిషి మాట వినపడదు. సావుకారు ముసలాయన, తక్కువ మాటలవాడు. చౌడప్ప చెయ్యి చూసినాడు. నడుస్తున్న మగ్గాన్ని ఆపి, ఒక పట్టుపోగును గోటితో తెంపి, "వేయప్పా" అన్నాడు.

చౌడప్ప వంగినాడు. ఎడమచేతి వేళ్ళ మధ్య ఒక కొస, కుడిచేతి వేళ్ళ మధ్య ఇంకో కొస. కుడిచేతిది జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. పక్క మగ్గాలవాళ్ళు ఒక్కొక్కరే ఆపి చూస్తాండారు, చప్పుడు తగ్గిపోతాంది. నేను పక్కనే ఉన్నాను. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు పోయింది. ఆ కొసను కొంచెం పట్టుకుంటే చాలు, ముడి పడిపోతుంది. రత్నమ్మ తల తిప్పి నన్ను చూసింది. అంతే. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాను.

ముడి పడింది. ఎంతసేపటికి పడిందని ఆ షెడ్డులో ఎవరూ అడగలేదు. సావుకారు మగ్గం నడిపినాడు. ముడి దువ్వెన లాంటి పన్నెలోంచి దాటి గుడ్డలోకి పోయింది, తెగలేదు. ఆయన దాని మీద బొటనవేలు రుద్ది చూసి, "రెండు మగ్గాలు ఇయ్యను. ఒకటి చూసుకో. ఉగాది మరుసటి దినం రా" అన్నాడు. రత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, "ఒకటే ఎక్కువ సామీ" అంది.

చౌడప్ప ఆ తరువాత చాలా ఏళ్ళు ఒకే మగ్గం నడిపినాడు. రెండోది ఎప్పుడూ అడగలేదు.

ఇళ్ళల్లో కంప్యూటర్లొచ్చినాక 2008లో నేను ఆటల భాగం ఎత్తేసినాను, రిపేరు బల్ల ఉంచుకున్నాను. ఆటలు మనుషుల్ని చెడగొడతాయన్న పెద్దమనుషుల మీద కోపం అట్లనే ఉంది, ఉండనీ. కానీ ఆ మొగుడూ పెళ్ళాలను తలుచుకున్నప్పుడల్లా నా మనసు మెత్తబడుతుంది. అన్నీ పుస్తకాల్లో చూసి నేర్చుకున్నవాణ్ణి నేను. బాగు చేయడమంటే చెయ్యి పెట్టడమే అనుకుంటూ వచ్చినాను. ఎప్పుడు చెయ్యి పెట్టకూడదో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అది రత్నమ్మ చెప్పింది. ఇప్పుడు ఎవరైనా ఏదైనా బాగు చెయ్యమని బల్ల మీద పెడితే, స్క్రూడ్రైవర్ తీసే ముందు వాళ్ళనొక మాట అడుగుతాను: ఇందులో మీరు చేయగలిగింది ఏదైనా ఉందా? ఉందంటే, వాళ్ళకి కుర్చీ వేసి, దీపం దగ్గరికి జరిపి, పక్కన నిలబడతాను. నిలబడడం చాలా కష్టమైన పని. ఇప్పటికీ పూర్తిగా రాలేదు.